పక్కవాడు ఆడవాళ్లని చులకన చేస్తుంటే మగవాళ్లు ఏం చెయ్యాలి, ఏం అనాలి

నేను చాలా ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. మొదట్లో అక్కడ అందరం మగవాళ్లమే. తర్వాత టెక్నీషియన్లుగా, ఇంజనీర్లుగా ఆడవాళ్లు రావడం మొదలైంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి మెషీన్ సేఫ్టీ నేర్పే బాధ్యత నాది. చెయ్యి లోపలికి పోకుండా మెషీన్‌కి ఉండే గార్డు తీసేసి నడుపుతున్నవాణ్ణి చూసి ‘నాకెందుకులే’ అని పక్కకి వెళ్లిపోకూడదని వాళ్లకి మొదటి రోజే చెప్పేవాణ్ణి. ఆడవాళ్ల మీద వేసే చులకన మాటల గురించి కూడా అదే రోజు, అదే గొంతుతో చెప్పేవాణ్ణి. చూసినవాడికీ బాధ్యత ఉంటుంది.

చులకన మాటలు అనేవాళ్ల కోసం ఇది రాయడం లేదు. అవి విని ఇబ్బంది పడి, ఏం అనాలో తోచక తల దించుకునే మగవాళ్ల కోసం రాస్తున్నాను. నేను చూసినంతవరకు అలాంటివాళ్లే ఎక్కువ. వాళ్లు మంచివాళ్లే. సమయానికి నోటికి మాట అందదు.

ముందు, నోరు ఎందుకు పెగలదో తెలుసుకోండి

1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొలంబియా యూనివర్సిటీలో చదివే కుర్రాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి ఫారాలు నింపమన్నారు. కాసేపటికి గోడలోని సందులోంచి గదిలోకి పొగ రావడం మొదలైంది. గదిలో ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి బయట చెప్పారు. కొందరి పక్కన మాత్రం పరిశోధకులే ఇద్దరు మనుషుల్ని పెట్టి, ఏమీ పట్టనట్టు ఉండమన్నారు. అప్పుడు లేచి వెళ్లి చెప్పింది 10 శాతం మందే. మిగిలినవాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, చేత్తో పొగ విసురుకుంటూ ఫారాలు నింపుతూనే ఉన్నారు.

నలుగురు మగవాళ్ల మధ్య ఒక చులకన మాట పడ్డప్పుడు జరిగేది కూడా ఇదే. ‘అందరూ మామూలుగానే ఉన్నారు, నాకొక్కడికే ఎబ్బెట్టుగా ఉందేమో’ అనుకుంటూ ప్రతివాడూ పక్కవాడి మొహం చూస్తాడు. పక్కవాడు కూడా అదే అనుకుంటూ ఇతని మొహం చూస్తున్నాడు. ఎవరూ పెదవి విప్పరు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మాట అన్నవాడు దాన్ని పూర్తి అంగీకారంగానే తీసుకుంటాడు. మర్నాడు ఇంకో మెట్టు ఎక్కి మాట్లాడతాడు.

ఇది చదివి మనుషులంటే నమ్మకం పోగొట్టుకోవద్దు. లటానే, డార్లీలని ఆ పనికి కదిలించింది 1964లో న్యూయార్క్‌లో జరిగిన కిటీ జెనోవీస్ హత్య. 38 మంది చూస్తూ కూడా కదల్లేదని అప్పట్లో పత్రికలో వచ్చింది. ఆ కథనంలో చాలా తప్పులున్నాయని తర్వాత తేలింది. కత్తిపోట్లు తిని పడి ఉన్న ఆమె దగ్గరికి పక్కింటామె పరిగెత్తుకెళ్లి చేతుల్లోకి తీసుకుంది కూడా. 2019లో బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికాల్లోని వీధి గొడవల సీసీటీవీ రికార్డులు చూసినవాళ్లకి ఇంకో సంగతి తెలిసింది. పదింట తొమ్మిది గొడవల్లో పక్కనున్నవాళ్లలో కనీసం ఒక్కరైనా ఆపడానికి ప్రయత్నించారు. కళ్లెదుట కొట్టుకుంటుంటే మనిషి కదులుతాడు. నవ్వుతూ అన్న మాట దగ్గర ఆగిపోతాడు, ఎందుకంటే అది ప్రమాదమా కాదా అన్నది తేలదు. తేల్చే మాట ఎవరో ఒకరు అనాలి.

ఆ ఒక్కడి బలం ఎంతో 1950ల్లో సోలమన్ ఆష్ అనే సైకాలజిస్టు ప్రయోగాల్లో బయటపడింది. కళ్లకి స్పష్టంగా కనిపించే గీతల పొడవు విషయంలో గదిలో అందరూ కావాలని తప్పు జవాబు చెప్తే, నిజం తెలిసినవాళ్లు కూడా మూడింట ఒక వంతు సార్లు ఆ తప్పే చెప్పారు. నిజం చెప్పేవాడు ఇంకొక్కడు తోడుంటే ఆ తప్పులు నాలుగో వంతుకి పడిపోయాయి. మీరు నోరు విప్పితే మాట అన్నవాడు మారతాడో లేదో చెప్పలేను. మీ ఎడమ పక్క కూర్చుని ఇబ్బంది పడుతున్న ఇంకో మగవాడికి మాత్రం ఊపిరి ఆడుతుంది. మొదట మీరు చేరాల్సింది అతని దగ్గరికే.

ఇది మగవాళ్లే ఎందుకు చెయ్యాలి

ఆడవాళ్లే ఎదురు చెప్పొచ్చు కదా అని కుర్రాళ్లు అడిగేవారు. చెప్తారు, చెప్తూనే ఉన్నారు. కానీ దానికి వాళ్లు పెద్ద ఖరీదు కడతారు. 1999లో జానెట్ స్విమ్, లారీ హయర్స్ చేసిన పరిశోధనలో ఒక చర్చా బృందంలో ఒకతను కావాలని చులకన మాటలు అన్నాడు. అలాంటి సందర్భం ఊహించుకోమన్నప్పుడు దాదాపు ఆడవాళ్లందరూ ఏదో ఒకటి అంటామన్నారు. నిజంగా ఆ గదిలో కూర్చున్నప్పుడు సగం మందికి పైగా ఏమీ అనలేదు. నోరు విప్పితే ‘ఓవర్ చేస్తోంది’, ‘ప్రతిదానికీ గొడవే’ అన్న పేరు వస్తుందని వాళ్లకి తెలుసు. అదే అభ్యంతరం మగవాడు చెప్తే జనం దాన్ని స్వార్థం లేని మాటగా వింటారని, మగవాడి మాటకే ఎక్కువ విలువ ఇస్తారని ఆ తర్వాత వచ్చిన పరిశోధనలూ చెప్పాయి. ఇది న్యాయం కాదు. కానీ అలాంటి విలువ మన చేతిలో ఉన్నప్పుడు దాచుకుని కూర్చోవడం అంతకన్నా అన్యాయం.

మా షిఫ్ట్‌లో ఒక అమ్మాయి ఉండేది, మంచి ఎలక్ట్రికల్ టెక్నీషియన్. ఒకసారి ఆమె మీద ఒకతను వేసిన మాట గురించి నాతో చెప్తూ, “అన్నవాడు ఒక్కడే సార్, అతనితో నేను చూసుకుంటాను. ఫోన్లు చూసుకుంటూ కూర్చున్న మిగతా ఎనిమిది మందితో రేపటి నుంచి ఎలా పనిచెయ్యాలి?” అంది. లైన్ మీద పనిచేసేటప్పుడు ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆ ప్రశ్నని నేను ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను.

మాటలు ముందే సిద్ధం చేసుకోండి

అప్పటికప్పుడు మంచి వాక్యం తట్టదు. ఇంటి దగ్గరే రెండు మూడు వాక్యాలు ఎంచుకుని, పైకి అని చూసుకోండి. కుర్రాళ్లతో నేను పైకి అనిపించేవాణ్ణి. మొదట సిగ్గుపడేవారు. తర్వాత అవే మాటలు వాళ్ల నోట మామూలుగా వచ్చేవి.

వాక్యం చిన్నదై ఉండాలి. స్నేహితుడితో అయితే “ఒరేయ్, వద్దురా” చాలు. కాస్త దూరం ఉన్నవాళ్లతో “అన్నా, ఆవిడ లేనప్పుడు ఆవిడ గురించి ఇలా వద్దు.” పెద్దవాళ్లతో “బాబాయ్, ఆ మాట బాగోలేదు.” ఇంతే. ఉపన్యాసం వద్దు. మీరు ఉపన్యాసం మొదలుపెట్టగానే చర్చ అతని మాట మీంచి మీ తీరు మీదకి మారిపోతుంది.

ఇంకో సంగతి, త్వరగా అనాలి. నవ్వులు సద్దుమణిగి మాట వేరే విషయానికి వెళ్లాక వెనక్కి లాగడం కష్టం. అందుకే చిన్న వాక్యం కావాలన్నాను, ఆలోచించుకోనక్కర్లేకుండా వచ్చేది. ఏమీ తట్టకపోతే నవ్వకండి. నలుగురు నవ్వేచోట మీ మొహం సీరియస్‌గా ఉంటే అది కనిపిస్తుంది. కానీ దానితో సరిపెట్టుకోవద్దు. నవ్వకపోవడం మొదటి రోజుకి సరిపోతుంది, ఏడాదంతా అదే అంటే సరిపోదు.

జోకు దగ్గర

ఎక్కువమంది ఇక్కడే తడబడతారు కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. జోకు వేసినవాడికి ఒక ముసుగు ఉంటుంది: “సరదాకి అన్నాను రా.” అందుకని జోకుని కాదనకుండా, దాన్ని విప్పి చెప్పమని అడగండి. “నాకు అర్థం కాలేదు, ఇందులో నవ్వాల్సింది ఏముంది?” అని మామూలు గొంతుతో, వెటకారం లేకుండా, నిజంగా జవాబు కావాలన్నట్టు అడగండి. ఆడవాళ్లకి తెలివి తక్కువనో, వాళ్లు డబ్బుకి పడిపోతారనో అనుకుంటే తప్ప ఆ జోకు నిలబడదు. ఆ మాట అతను తన నోటితో చెప్పాల్సి వస్తుంది. చాలామంది చెప్పలేరు, “వదిలెయ్” అంటారు. వదిలెయ్యండి. మీకు కావలసింది జరిగింది.

మా దగ్గర ఇలాంటిదే జోకు కాని సందర్భంలో జరిగింది. ఒక సీనియర్ ఆపరేటర్, కొత్తగా వచ్చిన అమ్మాయిని చూపించి “ఈ ప్రెస్ ఆడవాళ్లు నడిపేది కాదు” అన్నాడు. ప్రెస్ అంటే లోహపు రేకుల్ని నొక్కి ఆకారం తెచ్చే మెషీన్. పక్కనున్న కుర్రాడు, “ఎందుకన్నా? ఏ పని కుదరదు వాళ్లకి?” అని అడిగాడు. గొంతులో కోపం లేదు. సీనియర్ కాసేపు ఆలోచించాడు. రెండు చేతులతో బటన్లు నొక్కాలి, చెయ్యి అడ్డొస్తే మెషీన్ని ఆపే లైట్ కర్టెన్ చూసుకోవాలి, డై, అంటే అచ్చు, మార్చేటప్పుడు బరువులెత్తే హాయిస్ట్ వాడాలి. బలం కావలసిన పని ఒక్కటీ లేదు. “అలవాటు లేదు కదా వాళ్లకి” అన్నాడు. “మనకీ మొదట్లో లేదు కదన్నా, నువ్వే నేర్పావు” అన్నాడు కుర్రాడు. తర్వాత ఆ అమ్మాయికి ప్రెస్ నేర్పింది ఆ సీనియరే. ప్రతిసారీ ఇలా జరగదు. కానీ ‘ఎందుకు’ అన్న ప్రశ్న, ‘తప్పు’ అన్న తీర్పుకన్నా ఎక్కువ దూరం వెళ్తుందని నాకు గట్టి నమ్మకం.

“జోకే కదా, ఏం పోయింది?” అని మిమ్మల్ని అడిగితే జవాబు ఉంది. 2008లో థామస్ ఫోర్డ్, ఆయన సహచరులు ఒక పరిశోధన చేశారు. ఆడవాళ్ల మీద ముందే ద్వేషం ఉన్న మగవాళ్లు ఇలాంటి జోకులు చదివాక, ఒక మహిళా సంస్థకి విరాళం ఇవ్వడానికి తక్కువ మొగ్గు చూపారు. మామూలు జోకులు చదివినప్పుడు అలా జరగలేదు. జోకు కొత్తగా ద్వేషం పుట్టించకపోవచ్చు, ఉన్నదాన్ని బయటికి తియ్యడానికి ధైర్యం ఇస్తుంది. మీరు నవ్వేది అలాంటివాడి కోసం కూడా.

“నీకు హ్యూమర్ లేదు” అంటారు. “ఉంది, ఇంకోటి చెప్పు” అనండి. వాదించకండి.

మీటింగుల్లో

ఇక్కడ ఎవరూ చెడ్డమాట అనరు. అందుకే ఇది కనిపించదు. ఒకామె మాట్లాడుతుంటే మధ్యలో అందుకుంటారు. ఆమె చెప్పిన ఐడియానే పావుగంట తర్వాత ఒక మగవాడు చెప్తే “భలే చెప్పావ్” అంటారు. నోట్స్ రాసే పని వాటంతటదే ఆమె మీద పడుతుంది.

ఎంత పెద్ద పదవిలో ఉన్నా ఇది తప్పదు. అమెరికా సుప్రీంకోర్టు వాదనల రికార్డుల మీద 2017లో వచ్చిన ఒక అధ్యయనం చూస్తే, 2015 కోర్టు సంవత్సరంలో జడ్జీల మాటకి అడ్డుపడ్డ సందర్భాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ముగ్గురు మహిళా జడ్జీల మీదే జరిగాయి. తొమ్మిది కుర్చీలున్న కోర్టు అది. తర్వాత ఆ కోర్టు వాదనల పద్ధతి మార్చింది. ఆ మార్పుకి ఇలాంటి అధ్యయనాలు కూడా కొంత కారణమని ఆ ముగ్గురిలో ఒకరైన జస్టిస్ సోనియా సోటోమేయర్ 2021లో చెప్పారు. అంటే ఎత్తిచూపితే మారుతుంది.

మీరు చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. అడ్డుపడినప్పుడు “ఒక్క నిమిషం, ఆవిడ చెప్పేది పూర్తవనిద్దాం” అనండి. ఐడియా చేతులు మారితే “అవును, ఇందాక ఆవిడ చెప్పింది ఇదే కదా” అని ఆమె పేరుతో సహా గుర్తుచెయ్యండి. ఒబామా హయాంలో వైట్‌హౌస్‌లో పనిచేసిన మహిళలు ఇదే చేసేవారు. ఒకామె మంచి మాట చెప్తే ఇంకొకామె దాన్ని మళ్లీ చెప్పి, ఎవరు చెప్పారో పేరు ఎత్తేది. మగవాళ్లు కూడా ఈ పని చేస్తే ఆ భారం వాళ్లొక్కళ్ల మీద ఉండదు. నోట్స్ సంగతికొస్తే, ఎవరూ అడగకముందే “ఈసారి నేను రాస్తాను” అని కాగితం తీసుకోండి. వచ్చే వారం ఇంకో మగవాడి పేరు చెప్పండి.

వాట్సాప్ గ్రూపుల్లో

గ్రూపులో ఒక ఫొటో వస్తుంది, కింద కామెంట్లు పడతాయి. చూసి వదిలేసినవాళ్లు ఎందరో ఎవరికీ తెలియదు. అందుకని ఇక్కడ మౌనం ఇంకా ప్రమాదం. “ఇలాంటివి ఇక్కడ వద్దు, తీసేస్తే బాగుంటుంది” అని గ్రూపులోనే రాయండి. పెట్టినవాడికి విడిగా కూడా మెసేజ్ పెట్టొచ్చు, కానీ అదొక్కటే చేస్తే మిగతావాళ్లకి మీ అభ్యంతరం తెలియదు. చెప్పకుండా గ్రూపులోంచి వెళ్లిపోతే మీకు మనశ్శాంతి దొరుకుతుంది, గ్రూపులో ఏమీ మారదు. తెలిసిన ఒక అమ్మాయి ఫొటో ఆమె అనుమతి లేకుండా తిరుగుతుంటే మాత్రం మర్యాదలు చూడకండి. ఫార్వర్డ్ చెయ్యకండి, వెంటనే ఆమెకి చెప్పండి, ఏం చెయ్యాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి.

అన్నది మీ బాస్ అయితే

నలుగురిలో ఎదురు చెప్తే ఉద్యోగానికి ముప్పు అనిపిస్తే, ఆ భయం సహజమే. మాట మార్చండి: “సార్, ఆ రిపోర్టు సంగతి చూద్దామా?” తర్వాత ఒంటరిగా కలిసి చెప్పండి. ‘మీరు ఇలాంటివారు’ అనకుండా ‘ఆ మాట’ గురించి చెప్పండి: “సార్, ఉదయం మీరన్న మాట టీమ్‌లో కొందరికి ఇబ్బందిగా అనిపించింది, నాకు కూడా.” ఆ ‘నాకు కూడా’ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే నేరం మొత్తం అక్కడున్న ఒక్క అమ్మాయి మీదకి పోతుంది. ఒక్కరిగా వెళ్లలేకపోతే ఇద్దరుగా వెళ్లండి. అదే పని మళ్లీ మళ్లీ జరిగితే తేదీ, చోటు, అన్న మాట రాసి పెట్టుకోండి. ఎప్పుడైనా ఆమె ఫిర్యాదు చెయ్యాలనుకుంటే, సాక్షిగా ఉంటానని ముందే ఆమెకి చెప్పండి. ఫిర్యాదులు చాలావాటికి సాక్షి దొరక్కే నీరుగారిపోతాయి.

వీధిలో, బస్సులో

వేధిస్తున్నవాడు తెలియనివాడైతే లెక్క వేరు. అతని మీదకి వెళ్లే ముందు ఆమె వైపు వెళ్లండి. పక్కన నిలబడి, “ఈ బస్సు స్టేషన్‌కి వెళ్తుందా?” అని ఏదో ఒకటి అడగండి. తెలిసినవాళ్లలా మాట కలపండి. వేధించేవాడికి ఆమె ఇక ఒంటరి కాదు. రైట్ టు బి అనే సంస్థ, ఒకప్పుడు హొల్లాబ్యాక్ అనేవారు, ఇలాంటి పద్ధతుల్ని ఐదుగా శిక్షణలో చెప్తుంది: దృష్టి మళ్లించడం, ఇంకొకరి సాయం తీసుకోవడం, రికార్డ్ చెయ్యడం, తర్వాత ఆమెని పలకరించడం, నేరుగా చెప్పడం. చివరిదే మనకి మొదట తడుతుంది, గొడవకి దిగేదీ అదే. తాగి ఉన్నా, చేతిలో ఏమన్నా ఉన్నా నేరుగా వద్దు. డ్రైవర్‌కో కండక్టర్‌కో చెప్పండి, పోలీసులకి ఫోన్ చెయ్యండి. వీడియో తీస్తే అది ఆమెది, ఆమెకే ఇవ్వండి. ఎక్కడా పెట్టకండి.

ఆమెతో

మీరు మాట్లాడాక ఆమె దగ్గరికి వెళ్లి థాంక్స్ కోసం ఎదురుచూడకండి. “ఇందాకటి దానికి నావైపు నుంచి ఏమన్నా చెయ్యాలా, వదిలెయ్యనా?” అని ఒక్కసారి అడగండి. వదిలెయ్యమంటే వదిలెయ్యండి. ఆమె తరఫున మాట్లాడినట్టు కాకుండా మీ తరఫున మాట్లాడండి. “ఆవిడ ముందు అలా అనకు” అంటే ఆవిడ లేనప్పుడు అనొచ్చని అర్థం వస్తుంది. “నా ముందు అలా అనకు” అనండి. నేను కుర్రాళ్లకి నేర్పిన వాక్యాల్లో ఎక్కువగా పనికొచ్చింది ఇదే. ఆడవాళ్లు ఒక్కరూ లేని గదిలో కూడా ఇది చెల్లుతుంది, అసలు ఎక్కువగా కావలసింది అలాంటి గదుల్లోనే.

మర్నాడు

మీరు ఆపినవాడు రెండు రోజులు ముభావంగా ఉంటాడు. ఉండనివ్వండి. మీరు మాత్రం మామూలుగా పలకరించండి, పనిలో సాయం అడగండి, సాయం చెయ్యండి. అతన్ని వెలివేస్తే తనలాంటి ఇంకో నలుగురి దగ్గర చేరతాడు. అతను మళ్లీ అదే మాట అంటే మళ్లీ అదే చిన్న వాక్యం అనండి, కోపం పెంచకుండా. ఒకవేళ విడిగా వచ్చి “అంత తప్పుగా అన్నానా?” అని అడిగితే, అప్పుడు కూర్చోండి. పొడుగ్గా మాట్లాడటానికి సమయం అదే. అతని మాట పూర్తిగా వినండి, ఆ మాట మీకు ఎక్కడ గుచ్చుకుందో చెప్పండి.